నా మాట నాకిచ్చెయ్

కిందటి భాగంలో, రమణమ్మ ఫోను పెట్టేసిన క్షణం దగ్గర శ్రీరమ్యని వదిలి వచ్చాం. డిగ్రీ ఆనర్స్ నాలుగో ఏడు చదువుతున్న ఈ ఎర్రగుంటపాలెం పిల్ల, హైవే పక్కనున్న కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు, అదే ముచ్చికలు, తుంచే కూలి ఆడవాళ్ళ మీద థీసిస్ రాస్తోంది. ఏడాదిపాటు వాళ్ళతో ఆటోలో తిరిగి, వాళ్ళ పక్కనే ఆ ఘాటులో కూర్చుని, వాళ్ళ మాటల్ని ఫోనులో రికార్డు చేసుకుంది. ఎవరి పేరూ బయటపెట్టనని మాటిచ్చింది. నాలుగో అధ్యాయం పూర్తి చేసి గైడు మాధురి మేడమ్‌కి ఇచ్చిన కొద్ది రోజులకే ఆ కూలీల్లో ఒకతైన రమణమ్మ ఫోను చేసి, "నీ చదువు మా నోటికాడ కూడు లాగేసిందమ్మాయ్" అంది. ఏమైందని అడిగేలోపే పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే శ్రీరమ్య అడ్డరోడ్డుకి పరిగెత్తింది. ముచ్చికల కూలీలని తీసుకెళ్ళే డ్రైవరు బుడే ఆటో అప్పటికే వచ్చి ఆగి ఉంది. ముఠా మేస్త్రి సుబ్బరావమ్మ ఆడవాళ్ళని గదమాయిస్తూ ఎక్కిస్తోంది. మొహాలకి చుట్టుకున్న తువ్వాళ్ళలోంచి కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళన్నీ శ్రీరమ్యని చూసి పక్కకి తిరిగాయి. మొన్నటిదాకా "రా అమ్మాయ్, సర్దుకుని కూర్చో" అని చోటిచ్చినవాళ్ళే.

"సుబ్బరావమ్మత్తా, రమణమ్మ పిన్ని రాలేదేం? సర్దార్‌బీ పెద్దమ్మ ఏది?"

"నన్నడక్కు తల్లీ, నీకో దణ్ణం. నాతో మాట్లాడినట్టు కూడా ఎవరికీ కనపడకు." సుబ్బరావమ్మ ఆటో రేకు మీద అరచేత్తో కొట్టింది. "పోనియ్ బుడే!"

శ్రీరమ్య నేరుగా మసీదు వెనక సందులో ఉన్న సర్దార్‌బీ ఇంటికి వెళ్ళింది. ఆవిడ వాకిట్లో చేట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. యాభై దాటిన మనిషి. పనికి పోవాల్సిన వేళ ఇంటిపట్టున కూర్చోవడం చేతకాక, ఏరిన బియ్యమే మళ్ళీ ఏరుతోంది. అరుగు మీద రమణమ్మ మోకాళ్ళకి గడ్డం ఆనించుకుని ఉంది. లోపల కుట్టుమిషను ముందు సర్దార్‌బీ కూతురు షమా గోడ వైపు తిరిగి కూర్చుంది. మిషను ఆడటం లేదు.

"వచ్చావా? రా," అంది సర్దార్‌బీ తల ఎత్తకుండానే. "ఇంకా ఏవన్నా మిగిలాయా రాసుకోటానికి? అడుగు. ఇయ్యాళ పని కూడా లేదు, తీరిగ్గా చెప్తా."

"అసలేమైంది పెద్దమ్మా?"

రమణమ్మ అందుకుంది. "నిన్న గేటు కాడ ఆటో ఆపేశారు. గుమస్తా వచ్చి మా ఇద్దర్నీ దిగమన్నాడు. దిగాం. అందరూ చూస్తండగా ఫోను తీసి చదివాడు. ఇంగ్లీషులో చదవటం, దానికి తెలుగులో అర్థం చెప్పటం. నువ్వు రాసిందేనంట. నేను నీకేం చెప్పానమ్మాయ్? నడుం నొప్పని చెప్పా. సర్దార్‌బీ పక్కన కూర్చుంటానని నన్నూ దించారు."

శ్రీరమ్య సర్దార్‌బీ వైపు తిరిగింది. "కానీ నేను ఎక్కడా పేర్లు రాయలేదు. ఒట్టు పెద్దమ్మా. ఒక్క పేరు కూడా..."

అప్పుడు లేచింది సర్దార్‌బీ. చేట ఒళ్ళోంచి జారి బియ్యం వాకిలంతా పరుచుకున్నాయి.

"పేరు రాయలేదంట, పేరు! ఒసే, ఈ ఊళ్ళో ముచ్చికల పనికి పోయే ఆడోళ్ళలో కన్ను పోయిన కూతురున్నది ఎవత్తే? ఎంతమంది ఉన్నారే? నీకు తెలవదా? ఈ ఊళ్ళో పుట్టలేదా నువ్వు? పేరు ఎందుకే నాకు, మొహమంతా గీసి పెట్టాక!"



సర్దార్‌బీ ఆ కన్ను సంగతి చెప్పింది వానాకాలంలో ఒక మధ్యాహ్నం. కోల్డ్ స్టోరేజీ వెనక గోడ నీడలో ఇద్దరే కూర్చుని ఉండగా. షమా ఇంకా పాలు తాగే పిల్లగా ఉన్నప్పటి సంగతి. పని నుంచి వచ్చి, ఎంత కడుక్కున్నా పోని మిరప మంట చేతులతోనే, పిల్ల కంట్లో నలక పడిందని తుడిచింది. పిల్ల గుక్క పట్టింది. కన్ను నలుపుకుని నలుపుకుని పుండు చేసుకుంది. ఆకు పసరు పోశారు. గుంటూరు తీసుకెళ్ళేసరికి ఆ కన్ను పనికిరాదన్నారు. ఊరికీ, కట్టుకున్నవాడికీ, చివరికి కూతురికీ కూడా, తట్టు పోసి కన్ను పోయిందని చెప్పుకుంటూ వచ్చింది. ఎవరికీ చెప్పని మాట శ్రీరమ్యకి చెప్పి, కొంగుతో మొహం కప్పుకుంది. ఆ పేజీ రాస్తూ శ్రీరమ్య ఏడ్చింది. రాశాక మళ్ళీ చదువుకుని, బాగా వచ్చిందని లోలోపల మురిసింది కూడా.

ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటేనే సిగ్గేసింది.

"గుమస్తా ఏమన్నాడో తెలుసా?" సర్దార్‌బీ గొంతు పెంచింది. అది ఏడుపు కాదు, కోపం. "‘కన్నబిడ్డ కన్ను నువ్వే పొడుచుకుని మా కాయ మీద తోస్తావా ముసల్దానా’ అన్నాడు. ఆటోనిండా ఆడోళ్ళు. రోడ్డు మీద జనం. సాయంత్రానికి ఊరంతా తెలిసింది."

లోపలి నుంచి షమా వచ్చి గడపలో నిలబడింది. శ్రీరమ్యకంటే నాలుగైదేళ్ళు పెద్దది. చిన్నప్పుడు శ్రీరమ్య లంగాలన్నీ ఆమె కుట్టినవే.

"అది మా అమ్మ నాకు చెప్పుకోవాల్సిన మాట శ్రీరమ్యా," అంది షమా. ఆమె అరవలేదు. "ఇయ్యాళో రేపో చెప్పేదేమో. చచ్చేముందు చెప్పేదేమో. మా ఇద్దరి మధ్య మాట. అది నేను గుమస్తా నోట విన్నా."

"షమక్కా..."

"అక్కా గిక్కా అనకు."

సర్దార్‌బీ శ్రీరమ్య ఎదురుగా వచ్చి చెయ్యి చాపింది. వేళ్ళ కొసలు ఎర్రగా, తోలు లేచిపోయి ఉన్నాయి.

"ఇచ్చెయ్."

"ఏంటి పెద్దమ్మా?"

"నా మాట నాకిచ్చెయ్. నేను చెప్పిందంతా. నీ పుస్తకంలోంచి, నీ ఫోనులోంచి. నాకొద్దు నీ చదువు. నేను చెప్పలేదు, నువ్వు వినలేదు."

"తీసేస్తా పెద్దమ్మా. ఇప్పుడే తీసేస్తా. మొత్తం."

"తీసేస్తే అయిపోద్దా? ఊరి నోట్లోంచి ఎవరు తీస్తారే? దాని చెవుల్లోంచి ఎవరు తీస్తారు?" కూతురి వైపు చెయ్యి చూపించింది సర్దార్‌బీ. ఇక ఆవిడ వల్ల కాలేదు. "పోవే. నా వాకిట్లోంచి పో."

శ్రీరమ్య వచ్చేస్తుంటే వెనక రమణమ్మ ఒక్కత్తే వంగి బియ్యం ఎత్తుతోంది.

*

కాలేజీకి బస్సులో వెళ్తున్నంతసేపూ శ్రీరమ్య ఒకటే లెక్క వేసుకుంది. ఆ అధ్యాయం ఉన్నది రెండే చోట్ల. ఒకటి తన దగ్గర. రెండోది మాధురి మేడమ్ దగ్గర.

మేడమ్‌ని అనుమానించడం తేలిక కాలేదు. ఈ అంశం వద్దని డిపార్ట్‌మెంట్ కమిటీ అడ్డుపడితే, "మన పిల్లలు మన నేల మీద కాకపోతే ఎవరి మీద పరిశోధన చేస్తారండీ?" అని పోట్లాడింది ఆవిడే. ప్రశ్నలు ఎలా అడగాలో, ఎదుటివాళ్ళు మౌనంగా ఉన్నప్పుడు ఎందుకు తొందరపెట్టకూడదో నేర్పింది ఆవిడే. ఇంగ్లీషు తప్పులు దిద్దుతూ మధ్యాహ్నం డబ్బా కూడా మర్చిపోయిన రోజులున్నాయి.

స్టాఫ్ రూములో మేడమ్ ఒక్కతే ఉంది. శ్రీరమ్యని చూసి నవ్వింది. "రా రా. శుక్రవారం సెమినార్ కదా, స్లైడ్లు అయ్యాయా?"

"నా నాలుగో చాప్టర్ ఎవరికిచ్చారు మేడమ్?"

నవ్వు ఆగిపోయింది. మేడమ్ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది.

"కూర్చో."

"కూర్చోను మేడమ్. ఎవరికిచ్చారో చెప్పండి."

"చెంచురామయ్య గారికి పంపాను. వాట్సాప్‌లో."

చెంచురామయ్య ఆ కోల్డ్ స్టోరేజీ యజమాని. మిర్చి వ్యాపారి. కాలేజీ పాలకవర్గంలో సభ్యుడు. ఏటా ఇక్కడి పిల్లల్ని ఇంటర్న్‌షిప్‌కి తీసుకుని సర్టిఫికెట్లు ఇచ్చేదీ ఆయనే.

"ఎందుకు మేడమ్?" శ్రీరమ్య గొంతు తనకే కొత్తగా వినిపించింది.

"ఎందుకంటే పరిశోధనలో రెండు పక్షాలూ వినాలి కనుక. నువ్వు ఆయన మీద ఆరోపణలు రాశావు. ఆయన జవాబు కూడా ఉండాలి కదా? రేపు వైవాలో ఎవరైనా అడిగితే ఏం చెప్తావు? నీ మంచికే చేశాను."

"రెండు పక్షాలూ వినడం వేరు మేడమ్. ఒక పక్షం గొంతు తీసుకెళ్ళి రెండో పక్షం చేతికివ్వడం వేరు. ఆయన్ని ప్రశ్నలడగాలంటే నేనే వెళ్ళి అడిగేదాన్ని. చాప్టర్ ఎందుకు పంపాలి? అందులో కన్ను సంగతి ఉందని మీకు తెలుసు కదా?"

"పేర్లు లేవు కదా శ్రీరమ్యా..."

తను పొద్దున చెప్పిన సమాధానమే. అది మేడమ్ నోట వినేసరికి ఎంత సిగ్గుమాలిన మాటో అర్థమైంది.

"పేర్లు లేకపోతే మనుషులు కనపడరా? ఇద్దర్ని పనిలోంచి దించేశారు మేడమ్. రోడ్డు మీద నిలబెట్టి నా రాతే చదివి వినిపించారు. సర్దార్‌బీ పెద్దమ్మ కూతురికి ఇన్నేళ్ళూ తెలియని సంగతి గుమస్తా చెప్పాడు!"

మేడమ్ మొహం పాలిపోయింది. ఆ క్షణంలో ఆవిడ నిజంగానే బాధపడింది. కానీ బాధ వెంటే భయం వచ్చింది. భయం వెంటే కోపం.

"అయితే తప్పంతా నాదేనా? ఆ కన్ను సంగతి రాసిందెవరు? ఊరు చిన్నదని, గుర్తుపడతారని నీకు తెలీదా? నేను ఇక్కడిదాన్ని కాదు, ఒంగోలు నుంచి వచ్చాను. నువ్వు ఆ ఊరి పిల్లవి."

"ఆ పేజీ చదివి ఇదే నీ థీసిస్‌కి ప్రాణం అన్నారు మీరు."

"అన్నాను."

"నేనూ అదే అనుకున్నాను. ఇద్దరం ఒకేలా అనుకున్నాం మేడమ్. ఆవిడ ప్రాణం గురించి ఒక్కళ్ళం కూడా అనుకోలేదు."

 మేడమ్ గొంతు తగ్గించింది.

"విను. అయిందేదో అయింది. నాలుగో చాప్టర్ మొత్తం తీసెయ్. ‘ఎగుమతి మిర్చి నాణ్యతలో శీతల గిడ్డంగుల పాత్ర’ అని టైటిల్ మారుద్దాం. అంకెలన్నీ చెంచురామయ్య గారే ఇస్తానన్నారు. వాళ్ళిద్దర్నీ తిరిగి పనిలోకి తీసుకోమని నేను అడుగుతాను. శుక్రవారం ఆయన కూడా వస్తున్నారు. మర్యాదగా మాట్లాడు. నీ ఆనర్స్ నీకొస్తుంది."

"ఆయన వస్తున్నారా? సెమినార్‌కా?"

"ఇండస్ట్రీ నిపుణుడిగా ప్యానెల్లో వేశారు. ప్రిన్సిపాల్ గారి నిర్ణయం. నా చేతిలో లేదు."

శ్రీరమ్య ఆవిడ వంక చూస్తూ నిలబడింది. చెయ్యెత్తి కొట్టినా ఇంత కోపం వచ్చేది కాదు. ప్రశ్న అడగడం నేర్పిన మనిషే ఇప్పుడు నోరు మూసుకోవడం నేర్పుతోంది.

*

మధ్యాహ్నం లైబ్రరీలో కూర్చుని ముందుగా సర్దార్‌బీ రికార్డింగు తీసేసింది. ఫోను "శాశ్వతంగా తొలగించాలా?" అని అడిగింది. అవునని నొక్కింది. తర్వాత అధ్యాయంలోంచి ఆ పేజీలు తీసింది. మూడు నెలలు చెక్కుకున్న వాక్యాలు ఒక్కోటీ పోతుంటే ప్రాణం లాగినట్టే ఉంది. అయినా ఆపలేదు.

పక్క బల్ల దగ్గర తోటి విద్యార్థి కోటేష్ తన థీసిస్‌కి పేజీ నంబర్లు వేసుకుంటున్నాడు. "చెప్తే విన్నావా? నాది చూడు, పల్లెల్లో ఫోన్‌పే వాడకం. ఎవరికీ నొప్పి లేదు, ఎవరికీ అక్కర్లేదు. గైడు కూడా చదవలా. హాయి."

 శ్రీరమ్య అధ్యాయం మధ్యలో ఏర్పడిన ఖాళీని చూస్తోంది. చెంచురామయ్య కోరుకునేదీ ఈ పేజీలు పోవాలనే, సర్దార్‌బీ కోరుకునేదీ ఈ పేజీలు పోవాలనే. ఇవి తీసేసి ఊరుకుంటే తను ఎవరి మాట విన్నట్టు? ఇద్దరిలో ఎవరు గెలిచినట్టు?

ఆవిడ మాట ఆవిడకిచ్చేసింది. కానీ గేటు దగ్గర జరిగింది ఆవిడ చెప్పిన మాట కాదు. అది ఈ థీసిస్ చేసిన పని. దాన్ని దాచుకునే హక్కు తనకి లేదు.

ఆ ఖాళీలో కొత్త శీర్షిక కొట్టింది: ‘ఈ పరిశోధన వల్ల జరిగిన నష్టం.’ లైబ్రరీ మూసేస్తున్నామని అటెండరు వచ్చి చెప్పేదాకా తల ఎత్తలేదు.

*

శుక్రవారం సెమినార్ హాలులో ముందు వరసలో ప్రిన్సిపాల్ వీరబాబు, ఆయన పక్కన ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో చెంచురామయ్య, ఆ చివర మాధురి మేడమ్ కూర్చున్నారు. వెనక తోటి విద్యార్థులు. మొదటి మూడు అధ్యాయాలూ శ్రీరమ్య ఇంగ్లీషులో చెప్పింది. చెంచురామయ్య మధ్యలో ఒకసారి చెయ్యెత్తి నవ్వుతూ అడిగాడు.

"అమ్మాయ్, మా దగ్గర చేతి తొడుగులు ఇస్తున్నాం. వాళ్ళే వేసుకోరు. అది రాశావా మరి?"

"రాశానండి. తొడుగు వేసుకుంటే ముచ్చిక వేళ్ళకి దొరకదు, కాయ తక్కువ తెగుతుంది. కిలోకింతని కూలి కాబట్టి వేసుకోరని కూడా రాశాను."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన నవ్వు అలాగే ఉంది, కళ్ళు మారాయి.

నాలుగో అధ్యాయం దగ్గర శ్రీరమ్య కాగితాలు పక్కన పెట్టి తెలుగులో మొదలుపెట్టింది.

"ఈ అధ్యాయంలో ఒకావిడ చెప్పిన అనుభవం ఉండేది. ఆవిడ దాన్ని వెనక్కి తీసుకున్నారు. అందుకే ఇందులో లేదు. ఎందుకు తీసుకున్నారో చెప్పడం నా బాధ్యత. నేను పేరు దాచాను కానీ మనిషిని దాచలేకపోయాను. అది నా తప్పు. ఆ అధ్యాయం ఆవిడకి కూలి ఇచ్చే యజమాని చేతికి వెళ్ళింది. అది ఈ కాలేజీ తప్పు. దాన్ని రోడ్డు మీద చదివి వినిపించి ఇద్దర్ని పనిలోంచి దించేశారు. అది..."

"ఏయ్, ఆపు!" ప్రిన్సిపాల్ లేచాడు. "ఏంటిది? దీన్ని థీసిస్ అంటారా? కాలేజీ మీద ఆరోపణలా?"

"థీసిస్సే సార్. పరిశోధన ఎలా చేశామో, దానివల్ల ఎవరికేం జరిగిందో రాయాలని సిలబస్‌లోనే ఉంది."

చెంచురామయ్య చెయ్యి ఊపి ప్రిన్సిపాల్‌ని కూర్చోమన్నాడు. గొంతు మెత్తగానే ఉంది.

"కూర్చోండి వీరబాబు గారూ. చిన్నపిల్ల. ఆవేశం. చూడమ్మా, పేరు లేదంటావు, ఊరు లేదంటావు. ఇంట్లో కూర్చుని ఎవరైనా ఎన్నయినా రాయొచ్చు. అందులో ఒక్క మాట నిజమని ఏంటి గ్యారంటీ? నేనైతే మొత్తం కల్పితమంటాను."

"కల్పితమా అండీ?"

"కల్పితమే."

"మరైతే ఆ ఇద్దర్నే ఎందుకు దించారండీ?"

శ్రీరమ్య అక్కడితో ఆపలేదు.

"నేను రాసింది అబద్ధమైతే, అందులో ఉన్నది వాళ్ళేనని మీకెలా తెలిసింది?"

చెంచురామయ్య మొహంలో మొట్టమొదటిసారి నవ్వు పోయింది. మెడ మీద నరం తేలింది. ఆయన ఏమీ అనకముందే ప్రిన్సిపాల్ కల్పించుకున్నాడు.

"ఆ వాదనలన్నీ ఇక్కడొద్దు. రికార్డింగులున్నాయని థీసిస్‌లో రాశావు కదా. మాధురి మేడమ్, గైడుగా మీరు చెప్పండి. ఆ రికార్డింగులు విన్నారా మీరు? నిజమైనవేనా?"

శ్రీరమ్య మేడమ్ వైపు చూసింది. ఆ రికార్డింగులే డిపార్ట్‌మెంట్ గదిలో చెరో ఇయర్‌ఫోను పెట్టుకుని ఇద్దరూ కలిసి విన్నారు. ఒక చోట మేడమ్ ఆపమని, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది.

మేడమ్ బల్ల మీది నీళ్ళ సీసా మూత తిప్పుతోంది. "విన్నానో లేదో... నాకు సరిగ్గా గుర్తులేదు సార్."

శ్రీరమ్యకి ఒళ్ళంతా మండింది. 

"అయితే నువ్వే వినిపించు," అన్నాడు ప్రిన్సిపాల్. "ఇక్కడే. అందరి ముందూ. నిజమైతే భయమెందుకు?"

"వినిపించను సార్."

"వినిపించకపోతే ఈ థీసిస్ తిరస్కరిస్తాం. ఆనర్స్ రాదు. మామూలు డిగ్రీతో ఇంటికి పోతావు."

"అలాగే సార్." ఆమె కాగితాలు దగ్గరికి లాక్కుంది. "పేరు బయట పెట్టనని నేను చెప్పింది ఒక్కళ్ళకి కాదు. మిగతావాళ్ళు ఇంకా రోజూ ఆ గేటులోపలికి వెళ్తున్నారు. ఒకసారి నా చేతకానితనంతో ఒకరి బతుకు రోడ్డు మీద పడింది. ఇంకోసారి తెలిసి తెలిసి నా చేత్తో పడెయ్యను. మీరు తిరస్కరించుకోండి."

కాగితాలు తీసుకుని గుమ్మం దాటింది. వెనక కుర్చీలు కదిలిన చప్పుడు. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

*

మెట్ల దగ్గర మాధురి మేడమ్ రొప్పుతూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"శ్రీరమ్యా, ఆగు."

"వదలండి మేడమ్."

"నాకింకా పర్మనెంట్ కాలేదు. తెలుసు కదా నీకు. ఈ ఉద్యోగం పోతే..."

"వాళ్ళకి ఎప్పుడు పర్మనెంట్ అయింది మేడమ్?"

మేడమ్ చెయ్యి వదిలేసింది. కానీ కదల్లేదు. ఏదో చెప్పలేక పెదవి కొరుక్కుంటోంది.

"ఇంకొకటి చెప్పాలి నీకు. రికార్డింగులన్నీ ఒక కాపీ నా లాప్‌టాప్‌లో ఉన్నాయి. గైడు దగ్గర ఉంచాలన్న రూలు ప్రకారం ఎప్పటికప్పుడు ఇస్తూ వచ్చావు కదా. పొద్దున సెమినార్‌కి ముందే ప్రిన్సిపాల్ గారు అడిగి పెన్‌డ్రైవ్‌లో తీసుకున్నారు."

ఫోనులోంచి తీసేసేటప్పుడు ఆ కాపీ సంగతి శ్రీరమ్యకి గుర్తే రాలేదు. "తీసుకుని?"

"చెంచురామయ్య గారి మనిషి వచ్చి పట్టుకెళ్ళాడు."

"అన్నీనా?"

"అన్నీ." మేడమ్ మెట్ల రెయిలింగు పట్టుకుంది. "నువ్వే అక్కడ వినిపించేస్తావనుకున్నాను. నువ్వు వినిపిస్తే, నేనిచ్చిన పాపం నాకుండదనుకున్నాను."

శ్రీరమ్య ఇక ఆగలేదు.  మెట్లు దిగి పరుగెత్తి దొరికిన మొదటి బస్సు ఎక్కింది. సుబ్బరావమ్మకి ఫోను చేస్తే స్విచాఫ్. ఇంకొకావిడకి చేస్తే స్విచాఫ్. పని వేళ గేటు దగ్గరే ఫోన్లు తీసుకుంటారని గుర్తొచ్చింది. ఆడవాళ్ళు పని దిగి రాగానే అడ్డరోడ్డు మీదే నిలబెట్టి, జరిగింది తన నోటితోనే చెప్పాలి. తిడితే పడాలి. కొడితే పడాలి. రేపు ఆ గేటుకి వెళ్ళకుండా ఆపాలి.

అడ్డరోడ్డు మీద ఎండ వాలేదాకా నిలబడింది. పని దిగే వేళ దాటింది. ఎట్టకేలకు హైవే మలుపు దగ్గర బుడే ఆటో కనిపించింది. శ్రీరమ్య రోడ్డు మధ్యకి వెళ్ళి చెయ్యి అడ్డం పెట్టింది.

ఆటో ఖాళీగా ఉంది.

"ఆడవాళ్ళేరి బుడే?"

బుడే ఇంజను ఆపలేదు. మొహం చెమటతో తడిసిపోయి ఉంది. "రాలేదు. నన్ను పొమ్మన్నారు. గేటు వేసేశారు."

"వేసేశారా? లోపల ఏం చేస్తున్నారు?"

"కిటికీలోంచి కొంచెం కనపడింది. గుమస్తా స్పీకరు పెట్టి ఏవో మాటలు వినిపిస్తన్నాడు. ఆడగొంతులు. ఒక్కొక్కళ్ళనీ లోపలికి పిలిచి, పేరూ ఊరూ గట్టిగా చెప్పమంటన్నారు. గొంతులు కలిపి చూస్తన్నారక్కా. ముందు సుబ్బరావమ్మని పిలిచారు. లోపలికెళ్ళింది, బయటికి రాలా."

శ్రీరమ్య కాగితాల సంచి వెనక సీట్లోకి విసిరి ఆటో ఎక్కింది.

"తిప్పు బండి."